చీర ధర చెప్పారు, ఊరు చెప్పలేదు

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోన్ తీస్తే ముందుగా ఎదురయ్యేది ఒకటే రకం వార్త. "ఆ హీరోయిన్ కట్టుకున్న చీర ధర తెలిస్తే షాక్ అవుతారు." రోజూ నొక్కుతాను. ఇంతవరకూ ఒక్కసారీ షాక్ తగల్లేదు. లోపల ఏముంటుందో ముందే తెలుసు. నాలుగు ఫొటోలు, మధ్యలో మూడు ప్రకటనలు, చివరి పేరాలో లక్షా ఎనభై వేలో, రెండు లక్షల పాతిక వేలో ఒక అంకె. అంకె చెప్పేశాక వార్త అయిపోతుంది. హీరోల సంగతీ అంతే. ఎయిర్‌పోర్టులో ఫలానా హీరో చేతికున్న వాచీ ధర, కాళ్లకున్న బూట్ల ధర, "చూడ్డానికి మామూలు టీషర్టే కానీ" అంటూ మొదలుపెట్టి దాని ధర. ఏదో ఒకరోజు హీరోగారి జేబురుమాలు ధర కూడా వస్తుంది. అదీ నొక్కుతాను.

ఇదంతా ముందే ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, సినిమా వార్తలు చదివేవాళ్లని ఎగతాళి చేయడానికి నేను కూర్చోలేదు. "అబ్బే, మేం అలాంటివి చూడం" అనేవాళ్లని నేను నమ్మను కూడా. ఎవరి పెళ్లి ఎక్కడ జరిగింది, తలంబ్రాలప్పుడు ఏం కట్టుకున్నారు, రిసెప్షన్‌కి ఏం మార్చారు, ఇవన్నీ నాకూ కావాలి. నా గొడవల్లా ఇన్ని చదివాక కూడా ఆ చీర గురించి నాకు ఒక్క ముక్క తెలియడం లేదని.

హీరోయిన్ల బట్టల్ని కొలవడానికి మన దగ్గర రెండే కొలబద్దలున్నాయి. ఒకటి ధర. రెండోది, ఎంత కప్పింది, ఎంత కప్పలేదు అన్నది. రెండోది పట్టుకున్నవాళ్లు ప్రతి ఫొటో కిందా బారులు తీరి ఉంటారు, వాళ్ల గురించి ఈ ఒక్క వాక్యమే ఎక్కువ. బట్ట అనేది ఎక్కడో ఎవరో కూర్చుని చేసిన వస్తువు అన్న సంగతి ఈ రెండు కొలతల్లోనూ లేదు.

ఈమధ్య ఒక హీరోయిన్ తన సినిమా ప్రమోషన్‌కి చేనేత చీర కట్టుకొచ్చింది. బాగుంది. ఫొటో కింద ఉన్న పేర్లు పనిగట్టుకుని లెక్కపెట్టాను. డిజైనరు, నగల బ్రాండు, చెప్పుల బ్రాండు, స్టైలిస్టు, ఆ స్టైలిస్టుకి ఇద్దరు అసిస్టెంట్లు, మేకప్, హెయిర్, ఫొటోగ్రాఫర్, మేనేజరు. వీళ్లతో పాటు చీర కట్టినావిడ పేరు కూడా ఉంది. కట్టినావిడ అంటే కుచ్చిళ్లు పెట్టి, కొంగు సర్ది, పిన్నులు పెట్టినావిడ. మొత్తం పదకొండు పేర్లు. చీర కట్టినావిడ ఉంది గానీ చీర నేసిన మనిషి లేడు. మనిషి సరే, ఊరి పేరు కూడా లేదు. "హ్యాండ్లూమ్" అన్న మాట ఒకటి, పక్కన రెండు ఆకుల బొమ్మలు.

ఇందులో కుట్రేం లేదు. ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో తెలిస్తే ఆశ్చర్యం కూడా ఉండదు. ఈవెంట్లకి హీరోయిన్లు వేసుకునే బట్టల్లో చాలాభాగం వాళ్లు కొన్నవి కావు. స్టైలిస్టు డిజైనర్ల దగ్గర్నుంచి అరువు తెస్తుంది. ఒక సాయంత్రం వేసుకుంటారు, ఫొటోలు దిగుతారు, డ్రై క్లీనింగ్ చేయించి తిరిగి పంపేస్తారు. చాలాసార్లు అద్దె ఉండదు. అద్దెకి బదులు పేరు వేస్తారు, అకౌంట్‌ని ట్యాగ్ చేస్తారు. నగలకీ అంతే, చెప్పులకీ అంతే. పేరే అక్కడ చెల్లింపు. ట్యాగ్ చేయడానికి అకౌంట్ ఉన్నవాళ్లకి ఆ చెల్లింపు అందుతుంది. లేనివాళ్లకి అందదు. మగ్గం మీద కూర్చున్నాయనకి ఏ అకౌంటుంటుంది, షావుకారు దగ్గర మజూరి అకౌంటు తప్ప?

నాకీ పట్టింపు ఎందుకో చెప్పాలి. మా అమ్మ పుట్టిల్లు మంగళగిరి. మావయ్య నేతగాడు. వేసవి సెలవులకి వెళ్తే పొద్దున్నే మెలకువ వచ్చేది కోడికూతకి కాదు, ముందుగదిలో మగ్గం చప్పుడుకి. అది గుంట మగ్గం. నేలలో నడుము లోతు గుంట, అందులోకి కాళ్లు దించి గట్టు మీద కూర్చుంటాడు. కాళ్లు తొక్కుతుంటే పడుగు, అంటే నిలువు పోగులు, విచ్చుకుంటుంది, చేత్తో తాడు లాగితే దారం మోసే నాడె ఇటునుంచి అటు పరిగెడుతుంది, ఆ వెంటనే రెండో చెయ్యి అడ్డంగా పడ్డ పేకని ముందుకి గుద్దుతుంది. ఇదంతా నాకు వరసగా చెప్పడానికి ఇంతసేపు పట్టింది. ఆయన కాళ్లూ చేతులూ ఒక్క రెప్పపాటులో చేసేసేవి, నాతో మాట్లాడుతూనే. మంగళగిరి చీరకి ఒంటినిండా బుటాలుండవు. సాదా నేత, సన్నటి నూలు, అంచున జరీ. అది చూసి "ఇందులో ఏముంది, ప్లెయిన్ చీరే కదా" అన్న పట్నం బంధువుని మా అమ్మమ్మ ఆ పూటంతా పలకరించలేదు.

అప్పట్లో మగ్గం అంటే మా అందరికీ అదే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎవర్ని "మగ్గం" అని అడిగినా జాకెట్టు చేతుల మీద పూసలూ జర్దోసీ కుట్టే పని అనుకుంటారు. "మగ్గం వర్క్ చేయబడును" అని వీధికో బోర్డు. చట్రానికి బిగించిన బట్ట మీద సూదితో కుట్టేది అది. మంచి పనే, దాని మీద బతికేవాళ్లు వేలమంది, వాళ్ల మీద నాకేం కోపం లేదు. కానీ నేత మనుషుల పేర్లు ఫొటో కింద ఎలా లేకుండా పోయాయో, నేతమాట కూడా అలాగే వాళ్ల చేతుల్లోంచి జారిపోయి జాకెట్ల మీదకి చేరింది. ఒకసారి మా మావయ్య ఆ బోర్డు చూసి లోపలికెళ్లి "ఏ కౌంటు నేస్తారు?" అని అడిగొచ్చాడు. కౌంటంటే నూలు ఎంత సన్ననిదో చెప్పే అంకె, అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ఆ అమ్మాయి పాపం "జాకెట్ తెచ్చారా అంకుల్?" అందట.

మావయ్య గురించి చెప్పాలంటే షాపింగ్ మాల్ ఓపెనింగ్ కథ చెప్పకుండా కుదరదు.

తెలుగునాట మాల్ ఓపెనింగ్ అంటే చిన్న విషయం కాదు. హీరోయిన్ వచ్చి రిబ్బన్ కత్తిరించి, జ్యోతి వెలిగించి, లోపల నాలుగు చీరలు భుజాన వేసుకుని ఫొటోలు దిగి వెళ్తుంది. ఆ రోజు ఊళ్లో సగం రోడ్లు మూసేస్తారు. అలాంటి ఒక రోజు నేనూ మావయ్యా బస్టాండుకి వెళ్లలేక ఆ జనంలో ఇరుక్కుపోయాం. పదకొండింటికి రావాల్సిన హీరోయిన్ రెండున్నరకి వచ్చింది. జనం అరుపులు. బయట పెద్ద ఎల్‌ఈడీ తెర కట్టారు, లోపల జరిగేదంతా అందులో కనిపిస్తోంది. ఆవిడ ఒక చీర తీసి, కొంగు విప్పి, రెండు చేతులతో కెమెరా ముందు పట్టుకుంది. మైకులో యాంకరు "పోచంపల్లి ప్యూర్ పట్టు!" అని కేక పెట్టింది. నా చుట్టూ ఉన్న కుర్రాళ్లంతా హీరోయిన్‌ని చూస్తున్నారు. నేనూ ఆవిడ కమ్మలే చూస్తున్నాను. మావయ్య మాత్రం కళ్లజోడు పైకి నెట్టుకుని చీరని చూస్తున్నాడు.

"తిరగేసి పట్టుకుందమ్మాయ్," అన్నాడు.

"పోనీలే మావయ్యా, కంగారులో ఉంటుంది పాపం."

"అది కాదే. పోచంపల్లికి తిరగా బోర్లా ఏవిటి? రంగు పోగుకే ఎక్కుద్ది. ఎటు చూసినా ఒకటే ఉండాల. అటేపు చూడు, ఎలిసిపోయినట్టు లేదూ? ప్రింటు."

అప్పుడు చూశాను. నిజమే. తెర మీద మనిషి ఎత్తున కనిపిస్తున్న ఆ కొంగు వెనకవైపు రంగు పాలిపోయి, గళ్లు అక్కడక్కడా తెల్లగా ఉన్నాయి. అంత పెద్ద తెర, అన్ని వందలమంది జనం. ఆ ఒక్క సంగతి పట్టుకున్నది మా మావయ్య ఒక్కడే, అదీ బస్సు తప్పిపోయిన చిరాకులో. హీరోయిన్‌ది తప్పని నేననను. చేతికిచ్చింది పట్టుకుంది. ఆవిడ బాధ్యత నవ్వడం వరకే, ఆ పని చక్కగా చేసింది కూడా.

ఆయన చెప్పింది విప్పి చెప్తాను, ఎందుకంటే ధర కంటే ఇది ఎక్కువ పనికొస్తుంది. పోచంపల్లి ఇకత్‌లో డిజైన్ బట్ట మీద వేసేది కాదు. నేయకముందే పోగుల్ని కట్టలుగా పెట్టి, రంగు అంటకూడని చోటల్లా గట్టిగా కట్టి, రంగులో ముంచుతారు. మళ్లీ విప్పి, ఇంకోచోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. అలా రంగులు ఎక్కిన పోగుల్ని లెక్క తప్పకుండా మగ్గం మీద పేరిస్తే నేసేటప్పుడు బొమ్మ తనంతట తాను పైకి వస్తుంది. పోగే రంగు తాగింది కాబట్టి బట్టకి లోపలా బయటా ఉండదు. గళ్ల అంచులు కొంచెం చెదిరినట్టు, నీళ్లలో నీడలా ఉంటాయి. గీత గీసినట్టు కచ్చితంగా ఉంటే అనుమానించాలి.

కట్టి ముంచడానికి ముందు ఇంకో పని ఉంది. దాని పేరు ఆసు పోయడం. పోగుని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ అమర్చాలి. ఒక చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. తరతరాలుగా ఆ పని చేసింది ఇంట్లో ఆడవాళ్లు, భుజాలు పట్టేసి చెయ్యి లేవని స్థితి వచ్చేదాకా. ఆలేరు దగ్గర ఊరివాడైన చింతకింది మల్లేశం వాళ్లమ్మ లక్ష్మి పడే నొప్పి చూడలేక ఏళ్లతరబడి తంటాలు పడి ఒక యంత్రం తయారుచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన పేరుతోనే సినిమా వచ్చింది, ప్రియదర్శి వేశాడు. నా దృష్టిలో చీర గురించి తెలుగులో వచ్చిన అతిపెద్ద ఫ్యాషన్ వార్త ఆ యంత్రమే. ఫ్యాషన్ శీర్షిక కింద దాన్ని వేసిన వెబ్‌సైటు మాత్రం నా కళ్లబడలేదు.

సినిమావాళ్లకి ఇవన్నీ తెలియవని కాదు. తెలుసు, బాగా తెలుసు. 2018లో వచ్చిన ‘మహానటి’ సంగతే తీసుకోండి. సావిత్రి కాలం నాటి చీరల్లాంటివి కావాలంటే బజారులో దొరకవు, కాబట్టి మళ్లీ నేయించారు. ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో కాస్ట్యూమ్స్ బహుమతి ఇంద్రాక్షీ పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనా రావు ముగ్గురికీ కలిపి వచ్చింది. గౌరాంగ్ షా హైదరాబాద్ మనిషి, నేస్తూనే బొమ్మలు పొదిగే జాందానీ నేత మీద ఏళ్లుగా పనిచేస్తున్నాడు. తెర మీద కీర్తి సురేశ్ నడిచి వస్తుంటే కొంగు పడే తీరులోనే కాలం తెలిసిపోతుంది. నైలాన్ చీరతో అది జరగదు. నటన అంటాం గానీ ఆ నటనలో కొంత నూలు చేసింది.

మన పరిశ్రమకి 24 క్రాఫ్ట్స్ అని ఒక గొప్ప మాట ఉంది. ఆడియో ఫంక్షన్ స్టేజీ మీద ప్రతివాడూ "24 క్రాఫ్ట్స్ వాళ్లకీ నా కృతజ్ఞతలు" అంటాడు. టైటిల్స్‌లో లైట్‌బాయ్ యూనియన్ నుంచి భోజనాల కాంట్రాక్టరు దాకా అందరి పేర్లూ పడతాయి. అది దయ కాదు, పద్ధతి. పని చేశారు కాబట్టి పేరు పడింది. నేను అడిగేది కూడా ఆ పద్ధతే, ఫొటో కింద ఒక లైను. ఏ ఊళ్లో నేశారు, ఏ నేత, వీలైతే ఎవరు నేశారు. అంతే.

అసలైతే 2024లో దీనికి దగ్గరగా వచ్చిన వార్త ఒకటుంది. ఆ ఏడాది డిసెంబరు 4న అన్నపూర్ణ స్టూడియోస్‌లో నాగచైతన్య, శోభిత ధూళిపాళ పెళ్లి. అక్కినేని నాగేశ్వరరావు శతజయంతి సంవత్సరం, ఆయన విగ్రహం ఉన్న చోటే మంటపం. పెళ్లికి కాస్త ముందు ఒక కబురు బయటికొచ్చింది. పెళ్లికూతురు ఒక ఘట్టానికి పొందూరులో నేసిన తెల్ల ఖాదీ చీర కట్టుకోబోతోందని, పెళ్లికొడుక్కి కూడా దానికి జోడీగా బట్టలు తీసుకున్నారని. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఊరి పేరు! ఒక సెలబ్రిటీ పెళ్లి వార్తలో శ్రీకాకుళం జిల్లా ఊరి పేరు! పైగా అది ఊరికే తీసుకున్న ఊరు కాదు. ఏఎన్నార్ కట్టిన తెల్లటి పంచెలు పొందూరువేనని ఆ ఊళ్లో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

తర్వాత ఆ వార్త వేసిన సైట్లన్నీ చదివాను. దాదాపు అన్నింట్లో చీరకి ఒకటే విశేషణం. "సింపుల్." సింపుల్ వైట్ ఖాదీ శారీ.

నాకు అక్కడ మండింది.

పొందూరు నూలు ఎలా వస్తుందో తెలిసినవాళ్లెవరూ ఆ మాట వాడరు. కొండపత్తి, ఎర్రపత్తి, స్థానికంగా పండేవి. గింజ తీయకముందు ఆ పత్తిని దువ్వాలి. దువ్వేది దేనితో అనుకున్నారు? వాలుగ చేప దవడ ఎముకతో. ఆ చిన్న చిన్న పళ్ల మధ్య నుంచి పత్తి పీచుని లాగితే చెత్తా పొట్టీ పీచూ పోయి, పొడుగు పీచు దువ్వెన పట్టిన జుట్టులా నిగనిగలాడుతూ వస్తుంది. ఆ తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, ఏకుని పట్టుకుని ఒంటికదురు రాట్నం మీద వడకడం. "ఏకు మేకై కూర్చుంది" అని సామెత వాడేస్తుంటాం గానీ ఏకు అంటే వేలెడంత పత్తిచుట్ట అని ఇవాళ ఎంతమందికి తెలుసు? ఆ ఏకులోంచి వందో కౌంటు నూలు తీస్తారు. వంద కౌంటంటే కిలో పత్తిలోంచి తక్కువలో తక్కువ వంద కిలోమీటర్ల దారం. వడికేది ఎక్కువగా ఆడవాళ్లే, చాలామంది వయసు మళ్లినవాళ్లు. ఆ ఖద్దరు గొప్ప విని గాంధీగారు చూసి రమ్మని కొడుకు దేవదాస్‌ని పంపారని చెబుతారు.

దాని మీద జరీ లేదు, పూసల్లేవు, రంగు లేదు. కాబట్టి "సింపుల్". మా అమ్మమ్మ ఉండి ఉంటే ఆ సైట్లన్నింటితోనూ మాటలు మానేసేది.

ఈ ఒక్క మాటలో నా వాదనంతా ఉంది. ఏం చూడాలో తెలియనప్పుడు మెరిసేదే కష్టమనుకుంటాం, మెరవనిది తేలిక అనుకుంటాం. ధర చెప్పే వార్తలు ఆ అలవాటుని రోజూ పెంచుతున్నాయి.

బయటి దేశాల వేదికల మీద ఇంకో పద్ధతి మొదలైంది. 2024 మేలో న్యూయార్క్‌లో జరిగే మెట్ గాలా అనే ఫ్యాషన్ వేడుకకి ఆలియా భట్ డిజైనర్ సబ్యసాచి చీరలో వెళ్లింది. 163 మంది, 1,965 పనిగంటలు అని ప్రకటించారు. ఏమీ చెప్పకపోవడం కంటే నయం, నేను కాదనను. కానీ అదీ ఒక అంకె. ధర స్థానంలో గంటలొచ్చాయి. మన సినిమాల పోస్టర్ల మీద "వెయ్యిమంది జూనియర్ ఆర్టిస్టులతో భారీ ఫైట్" అని వేసినట్టుంటుంది చదువుతుంటే. ఆ వెయ్యిలో ఒక్కరి పేరూ ఎవరికీ తెలియదు. ఆలియా చేసిన పనుల్లో నాకు అంతకంటే నచ్చింది వేరే ఉంది. 2023 అక్టోబరులో జాతీయ అవార్డు తీసుకోవడానికి తన పెళ్లిచీరే మళ్లీ కట్టుకెళ్లింది. మన అల్లు అర్జున్ ఉత్తమ నటుడి అవార్డు అందుకున్న ఫంక్షనే అది. ఇంట్లో ఆడవాళ్లందరం చేసే పనే, బీరువాలోంచి తీసి మళ్లీ కట్టుకోవడం. ఆవిడ చేస్తే వార్త. పోనీ, అలాగైనా కానివ్వండి.

2024లోనే సమంత తన పెళ్లి గౌనుని విప్పించి నల్లటి డ్రెస్సుగా మార్పించుకుంది. తెలుగు సైట్లలో ఆ రోజు చదివినవాటికి నాకు తల తిరిగింది. ప్రతీకారం, గుండెమంట, గతానికి చెక్, ఎవరికి తోచింది వాళ్లు రాశారు. ఉన్న బట్టని పారేయకుండా మళ్లీ వాడుకోవడం గురించి ఆవిడ చెప్పింది ఎవరికీ పట్టలేదు. 2017లో తెలంగాణ చేనేతకి ప్రచారం చేసిన మనిషి బట్ట గురించి మాట్లాడితే బట్ట గురించే మాట్లాడుతోందని ఎందుకు నమ్మలేకపోయామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక్కడ మా పిన్ని మాట కూడా చెప్పాలి, లేకపోతే నేనేదో గెలిచేసినట్టుంటుంది. పిన్ని తెనాలిలో ఇంట్లోనే చీరలు అమ్ముతుంది. వాట్సాప్ గ్రూపు, రోజుకి నలభై ఫొటోలు, "సింగిల్స్ అవైలబుల్", "రీసెల్లర్స్ మోస్ట్ వెల్కమ్". ఏ హీరోయిన్ ఫొటో వచ్చినా గంటలో ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ పంపుతారు, "అక్కా, ఈ చీర ఉందా?" అని. పిన్ని జవాబు ఎప్పుడూ ఒకటే. "వారం ఆగమ్మా, వచ్చేస్తుంది." వస్తుంది కూడా. అసలు చీర ఎవరు నేశారో మనకి తెలియకముందే దాని నకలు సూరత్ నుంచి పార్శిల్‌లో దిగుతుంది. పన్నెండొందల యాభై, ఫ్రీ షిప్పింగ్. పేరు సెమీ గద్వాల్. లేకపోతే సెమీ పట్టు. ఆ "సెమీ" అన్న మాటని కనిపెట్టినవాడికి దండం పెట్టాలి. అబద్ధం కాదు, నిజమూ కాదు.

ఊరి పేరు వేయాలన్న నా వాదన వినిపిస్తే పిన్ని నవ్వింది. "ఊరి పేరు వేస్తే ఏమవుద్దే? ఆ పేరుతోనే నకిలీ వస్తుంది. పోచంపల్లి పేరు అందరికీ తెలిసిందిగా, ఏమైంది? పోచంపల్లి ప్రింటు నైటీలొచ్చాయి. తెలియని ఊళ్ల చీరలే నయం, వాటికి నకళ్లు లేవు."

ఇది గట్టి దెబ్బే. పోచంపల్లికి జీఐ, అంటే ఆ పేరు ఆ ఊరి నేతకే చెందుతుందన్న గుర్తింపు, వచ్చి ఇరవై ఏళ్లయింది, 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ మంచి పర్యాటక గ్రామాల్లో ఒకటని గుర్తించింది, అయినా దుప్పట్ల నుంచి నైటీల దాకా ఆ డిజైన్ అచ్చేసి అమ్ముతున్నారు. కొన్ని రకాల బట్టలు చేనేత మీదే నేయాలని 1985 నుంచి చట్టం కూడా ఉంది. అమలు సంగతి బజారుకెళ్తే తెలుస్తుంది.

పిన్ని ఇంకో మాట కూడా అంది. "నా దగ్గర కొనేవాళ్లు టీచరమ్మలు, నర్సులు, షాపుల్లో పనిచేసే పిల్లలు. పన్నెండొందల్లో ఒక్కరోజు ఆ హీరోయిన్‌లా కనపడాలనుకుంటే తప్పా? నీ చేనేత చీర పదివేలు పెట్టి వాళ్లు కొనగలరా?" తప్పు కాదు. నాకు జవాబు దొరకలేదు, ఇప్పటికీ లేదు. వాణిశ్రీ రోజుల్లో మా అమ్మ కొప్పు పెట్టుకుని ఆవిడలా నడిచే ప్రయత్నం చేసిందని పెద్దమ్మ ఇప్పటికీ వెక్కిరిస్తుంది. ఆ ముచ్చట మీద నాకు గౌరవమే. నా వాదన కొనేవాళ్ల మీద కాదు. రెండు లక్షల చీర కట్టిన ఫొటో కింద పదకొండు పేర్లు వేయగలిగినవాళ్లు పన్నెండోది వేయకపోవడం మీద. పిన్ని కస్టమర్‌కి "ఇది ఫలానా నేతకి నకలు" అని తెలిసి కొనుక్కోవడానికీ, అసలొకటి ఉందనే తెలియకపోవడానికీ తేడా ఉంది. పేరు ఒక్కటే వేస్తే నకిలీలు పెరుగుతాయన్న మాట ఒప్పుకుంటాను. అందుకే పేరుతో పాటు గుర్తు పట్టడం ఎలాగో కూడా చెప్పాలి, మావయ్య ఎల్‌ఈడీ తెర కింద నాకు చెప్పినట్టు. ధర రాసే పేరాలోనే పడుతుంది అది, రెండు లైన్లు.

అలాగని ప్రతి ఆగస్టు 7న నడిచే జాతీయ చేనేత దినోత్సవం తంతు కూడా నాకు పడదు. ఆ ఒక్కరోజు అందరూ చేనేత కట్టి, "నేతన్నని ఆదుకుందాం" అని ఫొటోలు పెడతారు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో ఈ పని మీద ఉన్నవాళ్లు 35 లక్షల పైచిలుకు. దాదాపు మూడింట రెండు వంతుల కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. బాధగానే ఉంటుంది. కానీ "ఆదుకుందాం" అన్న మాట వింటే మా మావయ్యకి ఒళ్లు మండుతుంది. "నేనేమన్నా వరదలో కొట్టుకుపోతన్నానా? చీర బాగుంటే కొనండి, బాగోకపోతే మానండి" అంటాడు. కెమెరామన్ పేరు టైటిల్స్‌లో వేసేది అతన్ని ఆదుకోవడానికి కాదు కదా.

మొన్న సంక్రాంతికి మంగళగిరి వెళ్లాను. మావయ్య ఇప్పుడు నేయడం తగ్గించాడు, మోకాళ్లు సహకరించడం లేదు. మగ్గం అలాగే ఉంది, గుంట మీద చెక్క వేసి దాని మీద బియ్యం బస్తా పెట్టారు. నా ఫోన్‌లో పైన చెప్పిన పదకొండు పేర్ల ఫొటో తీసి చూపించాను. తెల్లచీర, సన్నటి అంచు. హీరోయిన్ పేరు చెప్పాను, ఆయనకి పట్టలేదు.

"ఎక్కడ నేశారంట?"

"రాయలేదు మావయ్యా."

"కౌంటు?"

"అదీ రాయలేదు."

కళ్లజోడు తీసి, ఫోన్ ముక్కు దగ్గరికి తెచ్చుకుని, రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేశాడు. ముఖం పక్కకి పోయింది. మెడలో నగ పోయింది. కొంగు అంచు మాత్రం తెరంతా పరుచుకుంది. ఇంకా పెద్దది చేశాడు. అంచు మసకబారి చుక్కలు చుక్కలుగా విడిపోయింది.

"ఇంతకంటే దగ్గరికి రాదా ఇది?" అన్నాడు.

"రాదు మావయ్యా."

ఇంకాసేపు అలాగే చూసి ఫోన్ నా చేతికిచ్చాడు. "ఎనభై ఉంటదిలే," అన్నాడు.